తిప్పిపెట్టిన ముక్క

హెడ్మాస్టరు గదిలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మేస్త్రి కూర్చోలేదు. ప్యాంటుకి ముందూ వెనకా సిమెంటు అట్టకట్టి ఉంది. కూర్చుంటే మరక పడుతుంది. మరక పడితే తుడవాలి. తుడుస్తుంటే ఆయన చూస్తూ ఉంటాడు. ఇంత ఆలోచించి, గోడకి ఆనకుండా, బల్లకి తగలకుండా, గది మధ్యలో నిలబడ్డాడు. కూర్చోమని ఆయనా అనలేదు. అంటే ఏం చెయ్యాలో తెలియక చచ్చేవాడు, అదీ ఒకందుకు మంచిదే.

టైల్సు పరుస్తుంటే మధ్యలో కబురొచ్చింది, మీ అమ్మాయి విషయం, వెంటనే రమ్మన్నారని. విషయమేమిటో చెప్పలేదు. దారి పొడుగునా కూతురు బుడ్డి కాలు విరిగిందనుకున్నాడు, ఎవరిదో పెన్సిలు తీసిందనుకున్నాడు, బడికి రాకుండా ఎటో వెళ్ళిపోయిందనుకున్నాడు. ప్రాణంతో ఉంటే చాలు అనుకునే దాకా వచ్చి, గేటు పక్కనున్న కుళాయి కింద చేతులు కడుక్కుని లోపలికొచ్చాడు.

"మీ అమ్మాయి తెలివైనదేనా?" అన్నాడు హెడ్మాస్టరు.

అవునంటే పొగరనుకుంటారు. కాదంటే మరి ఈ బళ్ళో ఉచిత సీటు దేనికంటారు.

"ఏదో సార్, చెప్పింది చేస్తుంది."

"ఆ మధ్య కాలేజీ వాళ్ళొచ్చి పిల్లలందరికీ పరీక్ష పెట్టారు, చెప్పిందా?"

చెప్పింది. అక్షరాలు లేని పరీక్షట. అన్నీ బొమ్మలే. వరసలో తర్వాత ఏ బొమ్మ వస్తుందో దానికి టిక్కు పెట్టాలి. భలే ఉంది నాన్నా అంది. బుడ్డి భలే ఉందన్న పరీక్ష అదొక్కటే కాబట్టి మేస్త్రికి గుర్తుంది.

"లేనివాళ్ళ ఇళ్ళలో చురుకైన పిల్లలు ఉంటే వెతికి పట్టుకోవాలని వాళ్ళ పరిశోధన. దొరికిన వాళ్ళని పెద్ద బడికి పంపుతారు. చదువు అయ్యేదాకా అంతా వాళ్ళే చూసుకుంటారు." హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "మన బడిలో అందరికంటే పైన వచ్చినవి రెండు. ఒకటి మీ అమ్మాయిది. ఇంకోటి డాక్టరు గారి పాపది. ఇద్దరిదీ ఒకే బెంచీ."

మేస్త్రి తల ఊపాడు. సంతోషించాలో లేదో ఇంకా తెలియలేదు.

"రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి. ఒప్పులూ అవే, తప్పులూ అవే. అంటే ఏమిటన్న మాట?"

అంటే ఏమిటో మేస్త్రికి వెన్నులో తెలిసింది.

"పిల్లలు చూసి రాస్తారు. పెద్ద నేరం కాదు. మీ అమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి మళ్ళీ పరీక్షిస్తారు. అంతంత మాత్రంగా చేసిందనుకో, పేరు తీసేస్తారు, అక్కడితో సరి. ఉచిత సీటు ఎక్కడికీ పోదు. అలా కాకుండా లేనిపోని గొడవైందనుకో..." కళ్ళజోడు పెట్టుకుని మేస్త్రి కేసి మొదటిసారి సరిగ్గా చూశాడు. "డాక్టరు గారు మన బడి కమిటీలో ఉన్నారు. నీకు తెలిసే ఉంటుంది. వాళ్ళింట్లోనేగా పని చేస్తున్నావు?"

"అవును సార్."

"మరి పాపకి కూడా మళ్ళీ పెడతారా సార్?" అని అడగాలని గుమ్మం దాకా వెళ్ళాక అనిపించింది. గుమ్మం దాటాక అడక్కపోవడమే మంచిదనిపించింది.

*

డాక్టరు గారి స్నానాలగది సగమైంది. కిందంతా పరిచేశాడు, గోడలకి నడుమెత్తు దాకా వచ్చాడు. మేస్త్రికి ఒక పద్ధతుంది. ముందు ముక్కలన్నీ సిమెంటు మాలు లేకుండా ఉత్తినే పేర్చి చూసుకుంటాడు. అంచులు కలిశాయి, పువ్వు తిన్నగా వచ్చింది అనుకున్నాకే తాపీ పట్టుకుంటాడు. ఇప్పుడు ఒకే ముక్కని అటు పెట్టి ఇటు పెట్టి, ఏది తిన్నగా ఉందో తేల్చుకోలేక కూర్చున్నాడు.

"ఏమయ్యా, అది టైలా, పెళ్ళికూతురా? ఎంతసేపు చూస్తావు?" అంది భార్య. మాలు కలిపేది ఆవిడే. "బళ్ళో ఏమన్నారో చెప్పవేం?"

"మళ్ళీ పరీక్షట."

"ఒకసారి పాసైన దానికి మళ్ళీ ఏంటి?"

"పాసైందనే. మనదానిదీ డాక్టరు గారి పాపదీ అచ్చు ఒకేలా ఉన్నాయట."

ఆవిడ మాలు కలపడం ఆపేసి నోరు తెరిచి చూసింది. "బాగుంది. ఫెయిలైతే వదిలేస్తారు, పాసైతే పట్టుకుంటారా? ఆ డాక్టరమ్మాయికీ పెడుతున్నారా మరి?"

"నెమ్మదిగా మాట్లాడవే, గుమ్మానికి ఇంకా తలుపు బిగించలేదు. వినపడుతుంది."

"వినపడనీ."

"నీకేం, వినపడనీ అంటావు. పైనున్న గదుల పనంతా కూడా మనకే ఇస్తానన్నాడాయన. అది పోతే తెలుస్తుంది."

ఆవిడ ఏదో గొణిగి, ఖాళీ బకెట్టు పట్టుకుని నీళ్ళకోసం పెరట్లోకి వెళ్ళింది. వెళ్ళిన కాసేపటికి గుమ్మంలో నీడ పడింది. డాక్టరు గారి పాప. బడి బట్టల్లోనే ఉంది, ఒక సాక్సు పైకి, ఒకటి కిందకి.

"అంకుల్, మీ బుడ్డికి నా మీద కోపమా?"

"కోపమెందుకు తల్లీ?"

"నాతో మాట్లాడట్లేదు."

"అది ఎవరితోనూ మాట్లాడదులే. మాతో మాట్లాడితేనే మాకు వింత."

పాప నవ్వలేదు. పక్కనున్న టైల్స్ పెట్టె అంచు గోకుతూ నిలబడింది. "ఆ బొమ్మల పరీక్షలో నాకేం రాలేదు. దాన్ని చూసి పెట్టేశాను. అది చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే నేను చూసేదాన్నే కాదు."

మేస్త్రి చేతిలో ముక్క జారి పాదం మీద పడింది. నొప్పి తర్వాత తెలిసింది. ముందు తెలిసింది వేరే. పాప వెనకాల, వరండాలో, డాక్టరు గారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో. అరవలేదు, మొహం కూడా మారలేదు.

"పాపా, లోపలికెళ్ళి పాలు తాగు."

పాప వెళ్ళిపోయింది. ఆయన స్నానాలగదిలోకి తొంగి చూసి, గోడని అరచేత్తో రాసి, "బాగా వస్తోంది మేస్త్రీ" అన్నారు. "రేపు మీ అమ్మాయికి పరీక్షట కదా. నువ్వు కూడా ఉంటావా?"

"ఉండమన్నారు సార్. పిల్ల బెదురుతుందని."

"ఉండు ఉండు. పిల్లల విషయం పెద్దది చేసుకోకూడదు. నువ్వు తెలిసినవాడివి." వెళ్ళబోతూ మళ్ళీ అన్నారు. "పైపని కూడా నీకే అనుకుంటున్నాను. మర్చిపోకు."

ఇంతే అన్నారు. ఎంత తిట్టినా మేస్త్రికి ఇంత భయం వేసేది కాదు. తిట్టేవాడి కోపం ఎక్కడిదాకా వెళ్ళి ఆగుతుందో అలవాటైన మనిషికి తెలుస్తుంది. మెత్తగా మాట్లాడేవాడిది తెలియదు. భార్య నీళ్ళ బకెట్టుతో వచ్చి, "ఏంటి, మొహం సున్నం కొట్టినట్టుంది?" అంటే, ముక్క కాలి మీద పడిందని చెప్పాడు. అబద్ధం కాదు కదా అనుకున్నాడు.

*

ఇంట్లో బుడ్డి ఎప్పటిలా మంచం కింద దూరి విరిగిన ముక్కలతో ఆడుకుంటోంది. పని దగ్గర మిగిలినవన్నీ జేబులో వేసుకొస్తాడు, ఎరుపువి, తెల్లవి, నీలంవి. అది వాటితో ఏం కడుతుందో ఎప్పుడూ వంగి చూడలేదు. అడ్డు లేకుండా ఒక మూల పడి ఉంది, అంతే చాలు అనుకునేవాడు.

భార్య కూరగాయలకని బయటికెళ్ళేదాకా ఆగాడు. ఆవిడ ఉంటే ఈ మాట నోట్లోంచి రాదు, వచ్చినా తిరిగి నోట్లోకే కుక్కుతుంది. చెప్పుల చప్పుడు దూరమయ్యాక మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"బుడ్డీ, రేపు పరీక్షలో కొన్ని తప్పులు చెయ్యాలమ్మా."

మంచం కింద ముక్కల చప్పుడు ఆగింది.

"ఎందుకు?"

"చెయ్యాలి. నేను చెప్తున్నాగా."

"ఎన్ని?"

ఎందుకు అని ఇంకోసారి అడిగుంటే గద్దించేవాడు. ఎన్ని అంటే ఏం చెప్పాలి?

"కొన్ని."

"ఏవి?"

"కష్టంగా ఉన్నవి."

అది మంచం కింద నుంచి తల బయటికి పెట్టింది. జుట్టు నిండా దుమ్ము. మొహంలో అలకా లేదు, కోపమూ లేదు. చెప్పిన పని సరిగ్గా అర్థం చేసుకోవాలన్న ఆరాటం ఒక్కటే ఉంది.

"కష్టంగా ఉన్నవి ఏవో నాకెలా తెలుస్తుంది నాన్నా?"

మేస్త్రి దాని జుట్టులో దుమ్ము దులిపాడు. దులుపుతూనే ఉన్నాడు. దానికి నొప్పి పుట్టి తల లాక్కుంది.

"అమ్మకి చెప్పకు" అన్నాడు.

*

పరీక్ష గది అంటే బొమ్మలు గీసుకునే గది. బెంచీలన్నీ వెనక్కి జరిపి, మధ్యలో చిన్న బల్ల వేశారు. ఒక వైపు బుడ్డి, ఎదురుగా కాలేజీ అమ్మాయి. మెడలో తాడుకి గుండ్రటి గడియారం వేలాడుతోంది, నొక్కితే పరిగెత్తేది, నొక్కితే ఆగేది. వయసు చూస్తే ఆ అమ్మాయే ఇంకా పరీక్షలు రాసేలా ఉంది. మేస్త్రి మనసులో ఆమెకి గడియారం మేడం అని పేరు పెట్టేశాడు.

"మీరు ఆ మూల కూర్చోండి. మీరు మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. మాట్లాడితే ఈ పరీక్ష చెల్లదు. మళ్ళీ పెట్టాలన్నా ఏడాది దాకా కుదరదు. సరేనా అండీ?"

ఆ భవనంలో అతన్ని మీరు అన్నది ఆ అమ్మాయే. మేస్త్రి స్టూలు అంచున కూర్చుని చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. గుమ్మం అద్దంలోంచి హెడ్మాస్టరు రెండుసార్లు చూసి వెళ్ళాడు.

మొదట మాటల్లో అడిగింది. అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమంది. బుడ్డి చెప్పింది. అంకెలు పెరుగుతూ పోయాయి, అది గాల్లోకి చూస్తూ చెప్పుకుంటూ పోయింది. ఉన్నట్టుండి ఆగి, తండ్రి కేసి చూసి, ఒక అంకె మార్చి చెప్పింది. గడియారం మేడం ఏదో రాసుకుంది. మేస్త్రి కిందకి చూశాడు. అమ్మయ్య అనుకోవాలి, అనుకోవడానికే వచ్చాడు. అనుకోలేకపోయాడు.

తర్వాత డబ్బాలోంచి చెక్క దిమ్మెలు తీసింది. కొన్ని వైపులు ఎరుపు, కొన్ని తెలుపు, కొన్ని ఐమూలగా సగం అదీ సగం ఇదీ. అట్టముక్క మీద ఒక బొమ్మ చూపించి, దిమ్మెలతో అదే బొమ్మ పేర్చాలంది. గడియారం నొక్కింది.

బుడ్డి వెంటనే ముట్టుకోలేదు. అట్టనీ దిమ్మెలనీ చూసింది. పెదాలు కదిలాయి. తర్వాత రెండు చేతులూ ఒకేసారి బయల్దేరాయి. మేస్త్రికి ఆ చేతులు తెలుసు, ఆ తొందర తెలియదు. తను కళ్ళు మూసి తెరిచేలోగా బొమ్మ అక్కడ ఉంది, అట్ట మీదున్నది ఉన్నట్టు. చివరి దిమ్మెని బొటనవేలితో నొక్కి అంచులు కలిపింది. ఆ నొక్కడం తనదే. రోజూ తను నొక్కే నొక్కుడే.

అప్పుడు మళ్ళీ ఆగింది. తల తిప్పకుండా కళ్ళు మాత్రం మూలకి తిప్పింది. చిటికెనవేలి గోరుతో మధ్య దిమ్మెని పైకి లేపి, తిప్పి, తప్పుగా పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అయిపోయింది" అంది.

గడియారం మేడం కలం పట్టుకుని రాయకుండా ఆ పిల్ల కేసి చూసింది. అడగబోయి మానుకుంది. ఇంకో అట్ట పెట్టింది.

అదీ అలాగే. ముందు పేర్చింది. తిన్నగా, అందంగా పేర్చింది. పేర్చాక ఒక ముక్క ఎంచుకుంది. చేసిన దాన్ని పాడు చేసేటప్పుడు దాని కింది పెదవి లోపలికి వెళ్ళింది, దెబ్బ తగిలినా ఏడవకూడదనుకున్నప్పుడు వెళ్ళినట్టు. మూడో అట్టకి ఆ పెదవి ముందే లోపలికెళ్ళింది. నాలుగోదానికి చేతులు పేర్చడానికే బెదిరాయి.

తలుపు అద్దంలో హెడ్మాస్టరు మొహం. కమిటీ. పై గదులు. మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. మేస్త్రి అన్నీ గుర్తుంచుకున్నాడు. ఒక్కటీ మర్చిపోలేదు. చిటికెనవేలు దిమ్మె కిందకి దూరింది.

"తిప్పకు" అన్నాడు.

తన గొంతులా లేదు. బుడ్డి వేలు అలాగే ఆగింది. గడియారం ఒక్కటే పరిగెడుతోంది.

"తిప్పకమ్మా. ఉండనీ అలాగే."

గడియారం మేడం గడియారం నొక్కి ఆపింది. "ముందే చెప్పాను కదండీ" అంది. కోపంగా కాదు, దిగులుగా.

"నేనే చెప్పానమ్మా దానికి తప్పులు పెట్టమని. దాని తప్పేం లేదు."

"ఎందుకు?"

డాక్టరు గారి పాప తనతో చెప్పింది నాలుక చివరి దాకా వచ్చింది. పసిపిల్ల నమ్మి చెప్పిన మాట. దాన్ని వెనక్కి మింగాడు. మిగిలింది ఒక్కటే.

"భయమేసి."

ఆ అమ్మాయి దిమ్మెలు ఒక్కొక్కటే డబ్బాలో పెట్టసాగింది. తలుపు కేసి చూసి గొంతు తగ్గించింది. "ఒకే బెంచీ మీద ఇద్దరికీ ఒకేలా వస్తే ఇద్దర్నీ పిలవాలి. మా పద్ధతి అదే. రెండో పాపకి అక్కర్లేదన్నారు ఇక్కడ. మా సార్ కూడా సరే అన్నారు. నేను ఈ పనిలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. గట్టిగా అడగలేకపోయాను."

"మరి ఇప్పుడు?"

"ఇది చెల్లదు. చెల్లకపోతే ఆ మొదటి పరీక్ష ఎవరిదో ఇంకోలా తేల్చాలి. రెండో పాపని పిలవడం తప్ప దారి లేదు. ఆ పాప చేసిందా, మీ పాప పేరు తీసేస్తారు. చెయ్యలేకపోయిందా, మొదటి పరీక్ష మీ పాపదే అవుతుంది." డబ్బా మూత పెట్టింది. "రేపే పిలుస్తారు. ఇంక నేనడగక్కర్లేదు."

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే మేస్త్రికి తట్టింది. ఏ గొడవ నుంచి తప్పించుకుందామని పిల్లతో అన్ని తప్పులు చేయించాడో, ఆ గొడవనే ఇప్పుడు చేతులారా డాక్టరు గారి గుమ్మంలోకి తోలాడు.

*

పొద్దున బుడ్డి జడ వేయించుకుంటూ, తల అమ్మ చేతుల్లో ఉండగా, తండ్రిని అడిగింది.

"నాన్నా, ఇవాళ లెక్కల్లో కూడా తప్పులు చెయ్యాలా?"

భార్య చెయ్యి ఆగింది. జడ వదిలేసి మేస్త్రి కేసి తిరిగింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి అనకపోతే ఇల్లు ఎంత చిన్నదో తెలుస్తుంది.

"వద్దమ్మా. ఇంకెప్పుడూ వద్దు" అన్నాడు.

అది నమ్మినట్టు లేదు. సరే అంది.

"పనికి పోతున్నావా?" అంది భార్య, దాన్ని పంపించి, జరిగిందంతా చెప్పించుకున్నాక.

"గోడ సగంలో ఉంది."

"తలుపు తీస్తాడంటావా?"

"తియ్యకపోతే తాపీ ఇమ్మని అడుగుతా. తాపీ అక్కడే ఉంది."

తలుపు తీశారు. డాక్టరు గారే తీశారు. వరండాలో పాప ఉతికిన బట్టలు వేసుకుని, రెండు సాక్సులూ సమానంగా లాక్కుని, ఎర్రబడ్డ కళ్ళతో కూర్చుని ఉంది. పక్కన ఖాళీ కుర్చీ ఒకటి వేసి ఉంది.

"రా మేస్త్రీ. కూర్చో."

మేస్త్రి కుర్చీనీ, తన ప్యాంటునీ చూసుకున్నాడు. కుర్చీకి తెల్ల గుడ్డ కప్పి ఉంది.

"పర్లేదు, కూర్చో." ఆయన నవ్వారు. నవ్వు కుదరలేదు. చేతిలో కారు తాళం తిప్పుతున్నారు, అది మాటిమాటికీ వేలి మీంచి జారుతోంది. మేస్త్రి కూర్చున్నాడు.

"నిన్న నువ్వు గదిలోనే ఉన్నావట. ఆ దిమ్మెలవీ చూసే ఉంటావు. ఏ బొమ్మలు ఇచ్చారో, ఎలా పేర్చాలో." తాళం మళ్ళీ జారింది. "నీకు ముక్కలతోనే కదా పని. లోపల ఎర్రవీ తెల్లవీ బోలెడున్నాయి. పాపకి ఒక్కసారి చూపించెయ్యి. మనలో మనకేముంది. పైపని ఈ వారమే మొదలుపెట్టేద్దువు గానీ."

మేస్త్రి ఆ చేతినే చూస్తున్నాడు. ఎన్ని పొట్టలు కోసి కుట్టిన చెయ్యో. మొన్న రాత్రంతా తన చేతులు ఇలాగే ఆగకుండా కదిలాయి. ఈయనకీ భయం వేస్తుందా, అనుకున్నాడు. సంతోషం కలుగుతుందేమోనని ఒక్క క్షణం చూశాడు. కలగలేదు. పాప కుర్చీ అంచు గోకుతోంది. కింది పెదవి లోపలికెళ్ళి ఉంది.

ఆ బొమ్మలు ఒక్కొక్కటీ కళ్ళ ముందే ఉన్నాయి. ఐమూల ఎరుపెక్కడ, తెలుపెక్కడ, ఏ ముక్కని బుడ్డి గోరుతో లేపిందో కూడా.

"నాకు గుర్తు లేదు సార్" అన్నాడు.

"ఒక్కటైనా?"

"ఒక్కటీ లేదు."

ఆయన అరిస్తే బాగుండును. ఆయన అరవలేదు. తాళం గుప్పిట్లో పట్టుకుని గోడ కేసి తిరిగారు.

"అంకుల్," అంది పాప, చిన్నగా, "రాకపోతే కొడతారా అక్కడ?"

"కొట్టరు తల్లీ. ఆ అక్క మంచిది. వస్తే పెట్టు. రాకపోతే రాదని చెప్పెయ్. ఏం చెయ్యరు."

పాప ఊపిరి వదిలింది. వరండా అంతా వినపడేంత పొడుగ్గా వదిలింది. డాక్టరు గారు తిరిగి చూడలేదు.

"ఆ స్నానాలగది తొందరగా ముగించు" అన్నారు. పైపని మాట ఎత్తలేదు. పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు. కారు తలుపు ఒకటి, తర్వాత ఇంకోటి మూసుకున్నాయి.

మేస్త్రి లోపలికెళ్ళి బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. పెరటి గుమ్మంలోంచి వచ్చిన భార్య సిమెంటు సంచీ మూతి విప్పుతూ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏమన్నాడు?"

"కుర్చీ వేశాడు."

"కూర్చున్నావా?"

"ఆఁ."

"ఈ ప్యాంటుతోనా?" ఆవిడ వరండాలోకి తొంగి చూసి వచ్చింది. "మరక పడింది చూశావా. తెల్లగుడ్డ కూడానూ. తడిగుడ్డ పెట్టి తుడిచి రానా?"

మేస్త్రి గోడకి ముక్క ఆనించి, బొటనవేలితో అంచు నొక్కి, తిన్నగా ఉందో లేదో చూసుకున్నాడు. తిన్నగానే ఉంది.

"వద్దు" అన్నాడు. "మాలు కలుపు."